పాళ్లు తప్పిన నిజాలు: మాధ్యమాలు సమూహాలను చూపే తీరు (ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, శ్రోతలకు నమస్కారం.

పత్రికలు సమాజానికి అద్దం వంటివన్న మాటను మనం ఎన్ని సభల్లో విన్నామో లెక్క లేదు. నేను కూడా ఆ మాటతోనే మొదలు పెడుతున్నాను గానీ, దానిని సమర్థించడానికి కాదు, దానితో కాసేపు తగువు పెట్టుకోవడానికి. అద్దంలో కొండ కొంచెంగా కనిపిస్తుందని బడిలో చదువుకున్న నాటి నుంచీ మనకు తెలుసు. అయితే అద్దం కొండను చిన్నది చేసినప్పుడు దాని మీది చెట్లను, బండలను, బాటను, ఆ బాట మీద నడిచే మనుషులను కూడా అదే పాళ్లలో చిన్నవి చేస్తుంది. శిఖరాన్ని ఉన్నంత ఎత్తున ఉంచి చెట్లను చెరిపివేయడం గానీ, నడిచేవారిలో ఒకరికి ముఖం ఇచ్చి మరొకరిని నీడగా మిగల్చడం గానీ దానికి తెలియదు. పత్రికకు, టెలివిజన్‌కు, మన అరచేతిలోని ఫోనుకు ఆ విద్య బాగా తెలుసు. అవి ఎంచుకుంటాయి. ఎంచుకోవడం నేరమని నేను అనడం లేదు. లోకంలో ఒక రోజు జరిగినదాన్ని అర గంట బులెటిన్‌లో చెప్పవలసి వచ్చినప్పుడు ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న ప్రతి ముక్కా నిజమే అయినా, ముక్కలన్నీ కలిపిన తరువాత వచ్చే బొమ్మ నిజం కాకపోవచ్చునన్నదే ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న విషయం. అబద్ధపు వార్త గురించి మనం ఇటీవల చాలా మాట్లాడుకుంటున్నాం. పాళ్లు తప్పిన నిజం గురించి అందులో పదో వంతు కూడా మాట్లాడుకోవడం లేదు.

ముందుగా ఒక మాట విషయం తేల్చుకుందాం. ఇంగ్లీషులో ‘రిప్రజెంటేషన్’ అనే ఒక్క పదంతో నడిపే పనిని తెలుగు రెండు పదాలకు పంచింది. ఒకటి చిత్రణ, రెండవది ప్రాతినిధ్యం. ఒకరిని గురించి చూపడం చిత్రణ; ఒకరి పక్షాన నిలబడటం ప్రాతినిధ్యం. ఇంగ్లీషు సిద్ధాంతకారులు పుటల కొద్దీ విడదీసి చెప్పవలసి వచ్చిన తేడా మనకు పదాల్లోనే ఉంది. తెలుగులో ఆలోచించేవారికి ఇది చిన్న సౌకర్యమేమీ కాదు. ఒక సమూహాన్ని చిత్రించేవారు ఒకరు, ఆ సమూహానికి ప్రతినిధులు మరొకరు అయినప్పుడు ఏం జరుగుతుందన్న ప్రశ్నకు తరువాత వస్తాను. ముందు చిత్రణ సంగతి చూద్దాం.

1951 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్, కొరియా యుద్ధంలో సేనలను నడిపిస్తున్న జనరల్ డగ్లస్ మెకార్థర్‌ను పదవి నుంచి తొలగించారు. స్వదేశానికి తిరిగివచ్చిన ఆ సేనానికి నగరాలు స్వాగతం పలికాయి. ఏప్రిల్ 26న షికాగోలో ఊరేగింపు జరిగింది. ఆ నగర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న కర్ట్ లాంగ్, గ్లాడిస్ లాంగ్ దంపతులు ఊరేగింపు దారి పొడవునా 31 మంది పరిశీలకులను నిలబెట్టి, వారు చూసినదాన్ని, విన్నదాన్ని రాయించారు. అదే సమయంలో టెలివిజన్ ప్రసారాన్ని కూడా నమోదు చేశారు. తెర మీద చూసినవారికి ఆ రోజు షికాగో ఉప్పొంగిన సముద్రం. ఎటు చూసినా కేకలు, చేతులు ఊపడాలు, కిక్కిరిసిన జనం, వీరుని మీద కురిసే ఆరాధన. వీధిలో నిలబడినవారి కథ వేరు. వారు చాలాసేపు ఎదురు చూశారు, కొన్ని క్షణాల పాటు ఒక కారు దాటిపోవడం చూశారు, కొందరికి అదీ సరిగా కనబడలేదు. రాజకీయ ఆవేశంతో వచ్చినవారి కంటే తమాషా చూడవచ్చునని వచ్చినవారే ఎక్కువ. మరి తెర మీద కనిపించిన సంబరం ఎక్కడి నుంచి వచ్చింది? కెమెరా కారుతో పాటే కదిలింది. కారు ఎక్కడ ఉంటే అక్కడ జనం కేకలు వేశారు; కారు దాటిపోయిన వెంటనే ఆగిపోయిన ఆ కేకలు, తెర మీద మాత్రం ఒక చోటి నుంచి మరొక చోటికి తెగకుండా సాగిపోయాయి. పైగా కెమెరా తమ వైపు తిరిగిందని గమనించినవారు దాని కోసమే చేతులు ఊపారు. ఇందులో కల్పించిన దృశ్యం ఒక్కటీ లేదు. ఒక్కొక్క వీధిలో కొన్ని క్షణాలు మెరిసిన ఉత్సాహాన్ని వరుసగా గుచ్చితే, ఎవరి అనుభవంలోనూ లేని ఒక ఊరేగింపు తయారైంది.

ఇది జరిగి డెబ్బై ఏళ్లు దాటినా, మాధ్యమాల గురించి మాట్లాడవలసి వచ్చిన ప్రతిసారీ నేను ఈ ఊరేగింపు దగ్గరికే వెళతాను. ఒక్క మధ్యాహ్నపు సందడి విషయంలోనే ఇంత తేడా వస్తే, తరాల తరబడి ఒక జాతిని, ఒక మతాన్ని, ఒక వర్గాన్ని, ఒక స్త్రీని చూపిస్తూ వచ్చిన దృశ్యాలను గుచ్చిన దండ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అమెరికా పత్రికా రచయిత వాల్టర్ లిప్‌మన్ 1922లోనే ఈ దండకు దారం ఏమిటో చెప్పారు. మనం ముందు చూసి తరువాత నిర్వచించుకోము, ముందే నిర్వచించుకొని తరువాత చూస్తామని ఆయన వాదన. ఆ ముందస్తు నిర్వచనానికి ఆయన వాడిన ‘స్టీరియోటైప్’ అన్న పదం అచ్చుపని నుంచి వచ్చింది. ఒకే పుటను మళ్లీ మళ్లీ అచ్చు వేయడానికి పోత పోసుకున్న లోహపు ఫలక అది. దానికి మనం ఎంచుకున్న ‘మూస’ కూడా లోహం కరిగించి పోసే పని నుంచి వచ్చిందే కాబట్టి ఈ అనువాదంలో పొల్లు పోలేదు. మూస గుణం ఏమిటంటే, అది కొత్త లోహాన్ని కూడా పాత ఆకారంలోనే నిలబెడుతుంది. ఈ రోజు జరిగిన సంఘటన కొత్తదే, తీసిన ఫోటో కొత్తదే, కానీ వార్త మాత్రం ఎక్కడో చదివినట్టే ఉంటుంది.

మూస ఎలా పని చేస్తుందో లెక్కలతో చూపించిన అధ్యయనాల్లో మార్టిన్ గిలెన్స్ అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు చేసినది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోస్తుంది. 1988 నుంచి 1992 వరకు అమెరికాలోని మూడు పెద్ద వారపత్రికలు పేదరికం మీద ప్రచురించిన కథనాలలోని ఫోటోలను ఆయన లెక్కపెట్టారు. ఆ కాలంలో ఆ దేశపు పేదలలో నల్లజాతీయుల వాటా 29 శాతం. ఫోటోలలోని పేదలలో వారి వాటా 62 శాతం. ఆ ఫోటోలు ఏవీ నకిలీవి కావు. అందులోని ప్రతి మనిషీ నిజంగానే ఉన్నాడు, నిజంగానే పేదవాడు. కానీ వాటిని వారం వారం చూసిన పాఠకుని మనసులో, పేదరికం అంటే ఒక రంగు అన్న లెక్క స్థిరపడింది. దేశపు పేదలలో సగానికి పైగా నల్లజాతీయులేనని నమ్మినవారు సర్వేలలో ఎక్కువగా తేలారు. ఇంకొక సంగతి ఉంది. చూడగానే జాలి పుట్టించే పేదలు, అంటే వృద్ధుల వంటివారు, కథాంశమైనప్పుడు నల్లజాతి ముఖాలు తగ్గిపోయేవి. పని చేయగలిగి కూడా చేయడం లేదన్న అనుమానాన్ని మోసే వర్గాలు కథాంశమైనప్పుడు పెరిగేవి. గిలెన్స్ ఆ పత్రికల ఫోటో ఎడిటర్లతో కూడా మాట్లాడారు. పేదలలో నల్లజాతీయులు ఎంతమంది ఉంటారని అడిగితే, వారు వాస్తవం కంటే ఎక్కువే చెప్పారు. కానీ వారు చెప్పిన అంకె కూడా వారు అచ్చు వేసిన పాళ్ల కంటే తక్కువే! తాము నమ్మినదాని కంటే కూడా ఎక్కువగా వంకర పోయిన బొమ్మను వారి చేతులే తయారు చేశాయి. ద్వేషం ఉంటే గానీ ఇలా జరగదని అనుకుంటే మనం ఈ విషయాన్ని ఎన్నటికీ అర్థం చేసుకోలేము.

నేను కొన్నేళ్లు ఒక పత్రిక డెస్కులో పని చేసినవాణ్ని. రాత్రి పుట మూసివేసే వేళకు ఫైల్ ఫోటో కోసం వెదికే ఆదరాబాదరా నాకు తెలుసు. వెదుకులాటలో ఒక ఫోటో దగ్గర చెయ్యి ఆగుతుంది. అదే ఎందుకని ఎవరైనా అడిగితే “సరిపోయింది” అని చెప్పడానికి మించి నా దగ్గర సమాధానం ఉండేది కాదు. దేనికి సరిపోయిందని ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడుగుకోలేదు. వార్తకు సరిపోయిందని అనుకునేవాణ్ని. అది నా తలలోని మూసకు సరిపోయిందని తెలుసుకోవడానికి, ఆ ఉద్యోగం మానేశాక చాలా కాలం పట్టింది.

ఫోటో కింద రాసే వాక్యం ఫోటోను మించి పని చేస్తుంది. 2005లో కత్రినా తుపానుకు అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ మునిగిపోయినప్పుడు, ఛాతీ లోతు నీటిలో సరుకులు పట్టుకొని నడుస్తున్నవారి ఫోటోలు రెండు, రెండు వేర్వేరు వార్తా సంస్థల నుంచి వచ్చాయి. నల్లజాతి యువకుడు ఉన్న ఫోటో వ్యాఖ్యలో అతడు దుకాణాన్ని లూటీ చేసి వస్తున్నాడని ఉంది. తెల్లజాతి జంట ఉన్న ఫోటో వ్యాఖ్యలో వారికి సరుకులు దొరికాయని ఉంది. రెండూ ఒకే వెబ్‌సైటులో కనబడటంతో పెద్ద దుమారం రేగింది. మొదటి ఫోటోగ్రాఫర్ అతడు దుకాణంలోకి వెళ్లి రావడం చూశారని ఆ సంస్థ చెప్పింది. సరుకులు నీటిలో కొట్టుకు రావడం తాను చూశానని రెండవ ఫోటోగ్రాఫర్ చెప్పారు. ఇద్దరి మాటా నిజమేనని ఒప్పుకుందాం. అయినా, ఆకలితో ఉన్న మనిషి మూసి ఉన్న దుకాణంలోంచి రొట్టె తీసుకోవడాన్ని లూటీ అనాలా, ప్రాణరక్షణ అనాలా అన్న నిర్ణయం కెమెరా చేసినది కాదు. ఆ నిర్ణయం భాషలో జరిగింది. ఒక్కొక్కరూ విడిగా నిజాయితీగా రాసిన రెండు వాక్యాలు పక్కపక్కన నిలబడినప్పుడు, ఇద్దరూ చెప్పని మూడవ వాక్యం ఒకటి పాఠకునికి వినిపించింది.

చేర్చడం వల్లనే కాదు, తీసివేయడం వల్ల కూడా చిత్రణ జరుగుతుంది. 2020 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో వాతావరణ మార్పు మీద మాట్లాడటానికి వచ్చిన అయిదుగురు యువతులు కలిసి నిలబడగా తీసిన ఫోటోను అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ అంచు కత్తిరించి విడుదల చేసింది. తెగిపోయిన అంచులో ఉన్నది ఉగాండాకు చెందిన వనెస్సా నకాటే; ఆ అయిదుగురిలో ఆఫ్రికా నుంచి వచ్చినది ఆమె ఒక్కరే. వెనుక ఉన్న భవనం కూర్పుకు అడ్డంగా ఉందని కత్తిరించామన్నది మొదట ఇచ్చిన వివరణ. తరువాత క్షమాపణ చెప్పారు. ఆ మొదటి వివరణను చాలామంది సాకు అన్నారు. నేను మాత్రం దానిని అక్షరాలా నమ్ముతాను, నమ్మడం వల్లనే నాకు ఎక్కువ దిగులు. కూర్పు కోసం ఎవరిని తీసివేయవచ్చో, ఎవరిని తీసివేస్తే ఫోటో చెడిపోతుందో కంటికి ముందే తెలిసి ఉండటం కంటే లోతైన అలవాటు ఏముంటుంది?

అసలు కనిపించకుండా పోవడాన్ని మాధ్యమాల పరిశోధకుడు జార్జ్ గెర్బ్‌నర్, ఆయన తరువాత సమాజ శాస్త్రవేత్త గే టక్‌మన్ 1970లలో ‘ప్రతీకాత్మక నిర్మూలన’ అనదగిన ఒక గట్టి మాటతో వర్ణించారు. మాట అతిగా అనిపించవచ్చు గానీ అంకెలు చూస్తే అంత అతి కాదు. 1995 నుంచి అయిదేళ్లకొకసారి, ఒక నిర్ణీత దినాన అనేక దేశాల వార్తలను ఒకే పద్ధతిలో లెక్కించే గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్టు ఉంది. తొలి లెక్కలో 71 దేశాల వార్తల్లో కనిపించిన, వినిపించిన, ప్రస్తావనకు వచ్చిన వ్యక్తులలో స్త్రీలు 17 శాతం. 2020లో 116 దేశాల లెక్కలో 25 శాతం. పావు శతాబ్దానికి ఎనిమిది పాయింట్లు! ఆ కనిపించినవారు కూడా నిపుణులుగా కంటే ప్రత్యక్ష సాక్షులుగానో, బాధితులుగానో, సొంత అనుభవం చెప్పుకునేవారుగానో కనిపించడం ఎక్కువ. స్త్రీకి జరిగినది వార్త అవుతుంది. స్త్రీకి తెలిసినది వార్త కావడం కష్టం.

ఇక్కడ కొంచెం సేపు మన భాష దగ్గర ఆగాలి. మాధ్యమాల అధ్యయనం పుట్టిన భాషలకు లేని ఒక అదనపు పనిముట్టు తెలుగు వార్తకు ఉంది. ఇంగ్లీషు విలేకరికి మూడవ మనిషిని సూచించడానికి మగవారికి ఒకటి, ఆడవారికి ఒకటి సర్వనామం ఉంటే చాలు. మంత్రికీ అదే, దొంగకూ అదే. తెలుగులో వాక్యం మొదలు పెట్టాలంటేనే మనిషి స్థాయి తేల్చుకోవాలి. అతడా, ఆయనా? వచ్చాడా, వచ్చారా? ఆమె చెప్పిందా, చెప్పారా? ఒకే నేరారోపణ మీద ఇద్దరు అరెస్టయ్యారనుకోండి. ఒకరు రోజు కూలీ, మరొకరు పలుకుబడి గలవారు. మొదటివాణ్ని ‘పోలీసులు అదుపులోకి తీసుకోగా నేరం ఒప్పుకున్నాడు’ అని, రెండవవారిని ‘ఆయనను అధికారులు విచారించగా ఆరోపణలను ఖండించారు’ అని రాసే చేతికి తాను తీర్పు చెబుతున్నట్టు తెలియను కూడా తెలియదు. న్యాయస్థానం ఇంకా తేల్చని విషయాన్ని క్రియాపదపు చివర ఉన్న ఒక్క అక్షరం తేల్చేసింది. ‘డు’ దోషి, ‘రు’ నిర్దోషి. ఇందులో తప్పు సమాచారం ఏదీ లేదు కాబట్టి సవరణ ప్రచురించమని అడగడానికి కూడా వీలు లేదు.

క్రియలకూ వర్ణవ్యవస్థ ఉంది. అధికారంలో ఉన్నవారు పేర్కొంటారు, స్పష్టం చేస్తారు, ఉద్ఘాటిస్తారు. లేనివారు వాపోతారు, మొర పెట్టుకుంటారు, గగ్గోలు పెడతారు. ఒక సమావేశంలో అధికారి చెప్పిన అంకె ‘వెల్లడి’ అవుతుంది. అదే విషయం మీద బాధితులు చెప్పిన అంకె ‘ఆరోపణ’ అవుతుంది. బాధితులు లెక్క కాగితాలు చేతిలో పట్టుకొని, అధికారి కంటే పొందికగా మాట్లాడినా సరే, మరునాడు పుటలో వారు వాపోయే ఉంటారు. ఒకరికి వాదన ఉన్నట్టు, మరొకరికి ఉద్వేగం మాత్రమే ఉన్నట్టు ఈ క్రియలు ఏళ్ల తరబడి మనకు నేర్పుతూ వచ్చాయి. ఇక ‘జరుగు’ అన్న క్రియ సంగతి. కాల్పులు జరిగాయి. దాడి జరిగింది. ఉద్రిక్తత చోటు చేసుకుంది. వర్షం కురిసినట్టు, పొద్దు గుంకినట్టు, కర్త అవసరం లేని వాక్యాలివి. ఒక పక్షం వచ్చి మరొక పక్షం ఇళ్ల మీద పడినప్పుడు ‘ఇరు వర్గాల మధ్య ఘర్షణ’ అని రాయడం మనలో చాలామందికి తటస్థతగా కనిపిస్తుంది. కొట్టినవారికి, దెబ్బలు తిన్నవారికి చెరి సగం బాధ్యత పంచిపెట్టడం తటస్థత కాదు. తూకం సరిగా ఉందని చెప్పుకోవడానికి త్రాసు ముల్లును వేలితో నొక్కి పట్టడం అది.

పేరు పెట్టే హక్కు కూడా ఇలాంటిదే. బలమైన సమూహానికి చెందిన మనిషి తప్పు చేస్తే వార్తలో అతని పేరు, వృత్తి, మానసిక స్థితి, బాల్యం వస్తాయి. బలహీన సమూహానికి చెందిన మనిషి తప్పు చేస్తే ముందుగా ఆ సమూహం పేరు వస్తుంది. మొదటివాడు వ్యక్తి, రెండవవాడు నమూనా. మంచి చేసినప్పుడు ఇది తలకిందులు కావడం లేదన్నది గమనించండి. అప్పుడు రెండవవాడు తన సమూహానికి ‘మినహాయింపు’ అవుతాడు. ఒక మనిషిని ఒక మనిషిగానే చెప్పినా అన్నిసార్లూ మేలే జరుగుతుందని కాదు. శాంతో అయ్యంగార్ 1991లో ప్రచురించిన పరిశోధనలో, పేదరికాన్ని ఒక వ్యక్తి కథగా చూపినప్పుడు ప్రేక్షకులు ఆ వ్యక్తినే బాధ్యుణ్ని చేయడానికి, నేపథ్యంతో చూపినప్పుడు సమాజాన్ని, ప్రభుత్వాన్ని బాధ్యులను చేయడానికి మొగ్గు చూపారని తేలింది. కన్నీళ్లు తెప్పించిన కథనం కన్నీళ్ల దగ్గరే ఆగిపోవడం మనందరికీ అనుభవమే.

ఇంతవరకూ చూపేవారి గురించి చెప్పాను. చూసేవారు మట్టిముద్దలు కారు గదా అన్న ప్రశ్న మీలో కొందరికి వచ్చి ఉంటుంది. రావాలి కూడా. బ్రిటన్‌కు చెందిన మాధ్యమ సిద్ధాంతకారుడు స్టూవర్ట్ హాల్ 1973లో చెప్పినదాని సారం అదే: పంపినవారు ఒక అర్థంతో పంపుతారు, అందుకున్నవారు ఆ అర్థాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు, కొంత ఒప్పుకొని కొంత బేరం ఆడవచ్చు, పూర్తిగా ఎదురు తిరగవచ్చు. దీనికి ఒక చేదు ఉదాహరణ ఉంది. 1970లలో అమెరికా టెలివిజన్‌లో జాతి దురభిమాని అయిన ఒక ఇంటి పెద్దను ఎగతాళి చేసే హాస్య ధారావాహిక వచ్చేది. నీల్ విడ్మర్, మిల్టన్ రోకీచ్ 1974లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దురభిమానం తక్కువ ఉన్న ప్రేక్షకులు దానిని వెక్కిరింతగా చూశారు. ఎక్కువ ఉన్నవారు ఆ పాత్ర తమ మాటలే మాట్లాడుతోందని మెచ్చుకున్నారు. రచయితల సదుద్దేశం తెర దాకానే వచ్చింది.

అయితే ప్రేక్షకుల స్వేచ్ఛను మరీ పెద్దది చేయడం కూడా నాకు ఇష్టం లేదు. బేరం ఆడటానికి చేతిలో సరుకు ఉండాలి. ఇక్కడ సరుకు అంటే సొంత అనుభవం. పాల్ హార్ట్‌మన్, చార్లెస్ హస్బండ్ బ్రిటన్‌లో బడి పిల్లల మీద చేసి 1974లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతి చెబుతుంది. వలస వచ్చినవారు తక్కువగా ఉన్న ప్రాంతాల పిల్లలు వారి గురించి మాధ్యమాల మీదనే ఎక్కువగా ఆధారపడ్డారు, వలసను సంఘర్షణగా చూడటం కూడా వారిలోనే ఎక్కువ. పక్కింట్లో ఉన్నవారి గురించి పత్రిక ఏం రాసినా మనం నవ్వి ఊరుకోగలం. ఎన్నడూ కలవని వారి గురించి రాసినదే మనకు వారి ముఖం. టెలివిజన్ ఎక్కువగా చూసేవారికి లోకం ఉన్నదానికంటే క్రూరంగా కనిపిస్తుందన్న గెర్బ్‌నర్ బృందపు వాదన మీద గట్టి విమర్శలు వచ్చాయి, ఆ ప్రభావం ఆయన అనుకున్నంత పెద్దది కాదని చెప్పినవారు ఉన్నారు. నేను ఆ విమర్శలను కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ చిన్న ప్రభావం ఏళ్ల తరబడి ఒకే వైపు పని చేస్తే ఏమవుతుందో, ఒకే వైపు గాలి వీచే చోట పెరిగిన చెట్టును చూస్తే తెలుస్తుంది.

చెడుగా చూపుతున్నారు కాబట్టి మంచిగా చూపితే సరిపోతుందన్నది ఈ రోగానికి తరచుగా రాసే మందు. అది అంత సులువైన మందు కాదు. 1980లలో ఒక నల్లజాతి వైద్యుడు, న్యాయవాది అయిన అతని భార్య, చక్కగా చదువుకునే వారి పిల్లలు ఉన్న హాస్య ధారావాహిక అమెరికాలో విపరీతంగా ఆదరణ పొందింది. దానిని చూసిన ప్రేక్షకులతో సట్ జాలీ, జస్టిన్ లూయిస్ మాట్లాడి 1992లో ఫలితాలు ప్రచురించారు. చాలామంది తెల్లజాతి ప్రేక్షకులు ఆ కుటుంబాన్ని ప్రేమించారు. ఆ ప్రేమలోంచే, ఇంత చక్కగా ఎదగడానికి దారి ఉన్నప్పుడు మిగిలినవారు ఎదగకపోవడం వారి తప్పేనన్న నిర్ణయానికి వచ్చారు. తెర మీద ఒక సమూహానికి ఒక్క కుటుంబమే దిక్కైనప్పుడు, ఆ కుటుంబం ఎలా ఉన్నా పాళ్లు తప్పుతాయి. కావలసింది మంచి పాత్ర కాదు, చాలా పాత్రలు. అందులో పిసినారులు, పిరికివాళ్లు, విసుగు పుట్టించే మేనమామలు కూడా ఉండాలి. మామూలుగా ఉండే హక్కు ఇప్పటికీ అందరికీ సమానంగా దక్కలేదు.

ఇప్పుడు రెండవ పదం, ప్రాతినిధ్యం దగ్గరికి వస్తున్నాను. 1827లో న్యూయార్క్‌లో స్వేచ్ఛ పొందిన నల్లజాతీయులు సొంతంగా ఒక పత్రిక మొదలు పెడుతూ, ఇంతకాలం మా తరఫున ఇతరులు మాట్లాడారు, ఇక మా వాదన మేమే వినిపించుకుంటామన్న అర్థం వచ్చే మాటలతో తొలి సంచిక తెరిచారు. 1920 జనవరి 31న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ తన మరాఠీ పత్రికకు పెట్టిన పేరు ‘మూకనాయక్’, అంటే మాట లేనివారి నాయకుడు. దాదాపు వందేళ్ల ఎడం, రెండు ఖండాలు, ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు సమాజాలు. అయినా ఇద్దరూ చెప్పింది ఒకటే, మా గురించి ఇప్పటికే ఎంతో రాశారు, మేము మాత్రం అందులో లేమని. 1967 నాటి జాతి అల్లర్ల తరువాత అమెరికా ప్రభుత్వం నియమించిన కెర్నర్ కమిషన్ 1968 నివేదికలో పత్రికలు తెల్లవారి లోకం వైపు నుంచే రాస్తున్నాయని తప్పు పట్టింది. 1978లో అక్కడి సంపాదకుల సంఘం, 2000 నాటికి వార్తా గదులలో అల్పసంఖ్యాకుల వాటా జనాభాలోని వాటాతో సమానం కావాలని లక్ష్యం పెట్టుకుంది. గడువు వెళ్లిపోయింది, లక్ష్యం అందలేదు. 2006లో ఢిల్లీలోని జాతీయ స్థాయి మాధ్యమ సంస్థలలో నిర్ణయాలు తీసుకునే స్థానాల్లో ఉన్న 315 మందిని లెక్కించినప్పుడు, వారిలో ఒక్క దళితుడు గానీ, ఆదివాసీ గానీ లేరని తేలింది. ఆ గదులలో మంచివారు లేరని ఎవరూ అనరు. ఒక శీర్షిక చూసి “ఇది మా ఇంట్లో ఇలా వినిపిస్తుంది” అని చెప్పగలిగిన మనిషి లేరు, అంతే. అటువంటి మనిషి వచ్చి కూర్చున్నంత మాత్రాన డెస్కు అలవాట్లు మారిపోవని కూడా నేను చెప్పాలి. ఒంటరిగా వచ్చినవారు తరచుగా ఆ అలవాట్లనే త్వరగా నేర్చుకుంటారు, నేర్చుకోకపోతే మనలేరు.

యంత్రాల చేతికి ఎంపిక వెళితే ఈ గొడవ ఉండదని ఆశపడినవారు ఉన్నారు. 2015లో అమెరికా పరిశోధకులు కంపెనీల ముఖ్య కార్యనిర్వాహకుల కోసం ఇంటర్నెట్‌లో బొమ్మలు వెదికితే ఏం వస్తుందో చూశారు. ఆ దేశంలో ఆ ఉద్యోగాల్లో స్త్రీలు 27 శాతం ఉండగా, వచ్చిన బొమ్మలలో 11 శాతమే ఉన్నారు. అలా వంకర పోయిన ఫలితాలు చూసినవారి అంచనా కూడా కొంత అటే జరిగింది. ఇప్పుడు అవే బొమ్మల నుంచి నేర్చుకొని కొత్త బొమ్మలు గీసే యంత్రాలు వచ్చాయి. మూస నుంచి మూస పోస్తున్నామన్న మాట.

చివరగా, మాధ్యమాల్లో పని చేసే యువ మిత్రులు ఈ సభలో కనిపిస్తున్నారు కాబట్టి వారితో ఒక చేతిపని సంగతి మాట్లాడి ముగిస్తాను. 2013లో అసోసియేటెడ్ ప్రెస్ తన శైలి పుస్తకంలో, పత్రాలు లేకుండా వచ్చిన మనుషులను ‘అక్రమ వలసదారు’ అనడం మానేయాలని నిర్ణయించింది. చేసిన పని అక్రమం కావచ్చును గానీ మనిషి అక్రమం కాదన్నది అందులోని తర్కం. ఎంతోమంది విలేకరులు చేతిలో ఉంచుకొని రాసే పుస్తకం అది. అందులో ఒక్క పద్దు మారితే ఎన్నో వార్తల భాష మారుతుంది. తెలుగు డెస్కులలో నేను అడుగుతున్నది దానికంటే చిన్న మార్పు. నేరారోపణ వార్తలలో నిందితులందరికీ ఒకే సర్వనామం, ఒకే క్రియాంతం వాడాలని ఒక్క వాక్యం రాసి గోడకు అంటించండి. ‘ఆయన’ అయితే అందరికీ ఆయనే, ‘అతడు’ అయితే అందరికీ అతడే. దీనికి పెట్టుబడి అక్కర లేదు, యజమాని అనుమతి కూడా బహుశా అక్కర లేదు. మొదటి వారం రోజులూ మీ చెయ్యి ఎన్నిసార్లు పాత అక్షరం వైపు పోతుందో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి, తరువాత ఎక్కడైనా కలిసినప్పుడు ఆ లెక్క నాకు చెప్పండి.

ప్రశ్నలు ఉంటే అడగవచ్చు. వింటాను.